చేతి కింది వణుకు

వేలూరు ఆసుపత్రిలో చెవులు పరీక్షించే అద్దాల గదిలో మునిరత్నమ్మను కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతిలో ఒక బొత్తాం పెట్టింది నివేద. శబ్దం వినబడినప్పుడల్లా అది నొక్కాలని చెప్పి, తలుపు మూసి, బయట మిషను ముందర కూర్చుంది.

మునిరత్నమ్మ అద్దంలోంచి ఆ పిల్ల చేతినే చూసింది. వేలు కదిలితే నొక్కింది. కదలకపోతే నొక్కలేదు. కాసేపటికి నివేద లేచి వచ్చి తలుపు తీసి, మూతికున్న మాస్కు కిందికి లాగింది. పెదాలు కనబడితేనే ఈమెకు మాట తెలుస్తుందని ఆ పిల్లకు తెలుసు. నవ్వుతోంది.

"మిషను ఆపేసి ఊరికే వేలు ఆడించినా అమ్మా. దానికి గూడా నొక్కినావు."

"పరీచ్చ తప్పాలని ఎవురికుంటాది?" అన్నది మునిరత్నమ్మ.

బయట బెంచీ మీదున్న వాళ్లందరూ ఒక్కసారే ఇటు తిరిగారు. ఎందుకు తిరిగారో ఆమెకు తెలియలేదు. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ షెడ్డులో నలభై మగ్గాల నడుమ నిలబడి మాట్లాడిన గొంతు అది. షెడ్డు మానేసి నాలుగేళ్లయినా గొంతు దిగలేదు.

నివేద కాగితం మీద గీతలు గీసి చూపించింది. పోయిన ఏడాది గీత కన్నా ఈ ఏడాది గీత కిందికి ఉంది. దబ్బుమని పడే చప్పుడు, లారీ హారను, అంతవరకే చెవికి చేరుతున్నాయి. చెవిలో పెట్టుకునే మిషను మళ్లీ ఒకసారి పెట్టి చూద్దామన్నది.

"వద్దు తల్లీ. అది పెట్టుకుంటే తలకాయలో ఇనుము గీరినట్టుంటాది."

నివేద బలవంతం చెయ్యలేదు. బల్ల మీద ఆమె ఫోను వెలిగింది. అందులో ఒక బూడిదరంగు పిల్లి బొమ్మ. ఎడమ చెవి కొస కత్తిరించినట్టు ఉంది.

"దీనికీ చెవి పోయిందా?" అన్నది మునిరత్నమ్మ.

"అది ఆపరేషన్ చేసినట్టు గుర్తమ్మా. వీధిపిల్లులకు అట్ల కోస్తారు. నా దగ్గర ఎనిమిది ఉండాయి. దెబ్బ తగిలినవి, దిక్కులేనివి తెచ్చి, బాగు చేసి, అడిగినోళ్లకు ఇస్తా. ఇది మాత్రం పోదు. రెండిండ్లకు ఇచ్చినా. రెండిండ్లోళ్లూ తెచ్చి వదిలేసినారు."

"ఏమంట?"

"పిలిస్తే రాదంట. మంచం కిందనే ఉంటాదంట. పిల్లోళ్లతో ఆడదంట."

"పిలిస్తే నేను మాత్రం పలుకుతానా? అందుకని మా ఆయన నన్ను తీసుకోనిపోయి యాడన్నా వదిలేసినాడా?"

నివేద పకాలున నవ్వింది. మునిరత్నమ్మ నవ్వలేదు. ఆ ఫోను చేతిలోకి తీసుకుని, వెలుగు ఆరిపోయేదాకా చూసింది.

"నాకిస్తావా?"

నివేద నవ్వు ఆగిపోయింది. మాస్కు కొస వేలికి చుట్టుకుంటూ కాసేపు కిందికి చూసింది. తర్వాత ముఖమెత్తి, ఆమెకు బాగా కనబడేలా ఒక్కో మాటా అన్నది.

"దానికి పెద్ద గొంతంటే రొంబ భయమమ్మా. నీ గొంతేమో..."

మునిరత్నమ్మకు మిగిలిన మాట అక్కరలేకపోయింది. బస్సులో, రేషను కొట్టులో, బంధువుల పెళ్లిలో ఆ మాట ఎన్ని పెదాల మీద చూడలేదు. అయినా ఒక పిల్లి దగ్గర కూడా ఆ మాట పడాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. కొంగు సర్దుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఇయ్యకుండానే ఎట్ల తెలస్తాది?"

నివేద వేలికి చుట్టిన మాస్కు కొస విప్పుకుంది. "సరి. ఈ పొద్దు బుధవారం. ఆదివారం చర్చి అయినాక నేనే గుడియాత్తం వస్తా. అది అప్పటికీ భయపడతా ఉంటే తీసుకోనిపోతా. కోపం పడకూడదు."

"పడను."

"ఇంకోటి. నీవుగా పట్టుకోవద్దు. అదే రావాల."

*

కాట్పాడి దాటేదాకా బస్సు హారను ఆపలేదని మునిరత్నమ్మకు చెవికన్నా ముందు తొడ చెప్పింది. ఒడిలో, నివేద తన ఇంటి నుంచి తెచ్చిచ్చిన, మూత కట్టిన వెదురుబుట్ట. హారను కొట్టినప్పుడల్లా బుట్ట అడుగు సన్నగా వణికేది. పిల్లి ఒకే మూల ముడుచుకుని ఉందని బరువును బట్టి తెలుస్తోంది. ఆమె రెండు చేతులూ బుట్టకు చుట్టి పెట్టింది.

పక్కన కూర్చున్న ఆడమనిషి బుట్ట వైపు గడ్డం ఎగరేసింది.

"పిల్లి!" అన్నది మునిరత్నమ్మ.

ముందు సీటులో నిద్రపోతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. బుట్టలో బరువు అటునుంచి ఇటు కొట్టుకుంది. వణుకు ఎక్కువైంది. ఆ తర్వాత గుడియాత్తంలో దిగేదాకా ఆమె నోరు తెరవలేదు.

సుబ్బరాయులు షెడ్డు నుంచి వచ్చేసరికి ఆరు దాటింది. జుట్టు మీదా కనురెప్పల మీదా నూలుపొట్టు. గుమ్మంలో నిలబడి బుట్టను చూశాడు, పెళ్లాన్ని చూశాడు. కనుబొమలు ఎత్తాడు.

"పిల్లి. వేలూరులో ఆ చెవి పరీచ్చ పిల్ల ఇచ్చింది. ఆదివారం వచ్చి చూస్తాది. భయపడకుండా ఉంటే మనది. లేకుంటే తీసుకోనిపోతాది."

"కూడు?"

"మన కూడే."

ఆయన తలాడించి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, ఆయన. ఆమెకు చెవులు ఉన్నప్పుడూ అంతే.

బుట్ట మూత విప్పి, ఇద్దరూ గోడకు జరిగి కూర్చున్నారు. పిల్లి తల బయటికి వచ్చింది. పసుపు కళ్లు. అంతే, నేల మీద బూడిద గీత గీసినట్టు పోయి, మంచం కింద నూలు మూటల వెనక దూరింది.

"రోసీ," అని పిలిచింది మునిరత్నమ్మ. నివేద పెట్టిన పేరు అది. ఆమె లెక్కకు ఊపిరంత మెల్లగా పిలిచింది. సుబ్బరాయులు అరచెయ్యి కిందికి చేసి, దించు, దించు అన్నట్టు ఊపాడు. మూటల వెనక నుంచి దుమ్ము లేచింది.

*

పొద్దున్నే ఆయన షెడ్డుకు పోయాక ఆమె మళ్లీ ప్రయత్నించింది. గిన్నెలో పెరుగన్నం పెట్టి, నేల మీద బోర్లా పడుకుని, మంచం కిందికి తల పెట్టి పిలిచింది. రెండు పసుపు కళ్లు ఇంకా వెనక్కి పోయాయి. ఇంకా మెల్లగా పిలిచింది. కళ్లు మూత పడ్డాయి.

లేచి తిరిగితే గుమ్మంలో సుగంతి నిలబడి ఉంది. పక్కింటి మనిషి. ఒడిలో బీడీల చేట ఉంటే గానీ కనబడదు. అదే చేట చంకన పెట్టుకుని నవ్వుతోంది.

"ఏందక్కా, పిల్లిని తెచ్చుకున్నావా, వేలం పాట పెట్టినావా? వీధి కొసదాకా రోసీ రోసీ అని వినబడతా ఉండాది. మా సామ్యుల్ మామేమో, నీవు వాళ్ల మేకను పిలస్తా ఉండావనుకున్నాడు."

"నేను మెల్లగానే పిలిచినా గదే."

"ఇదా మెల్లగా?"

మునిరత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. "నీవు ఆ కొళాయి దగ్గర నిలబడు. నేను ఈడ నుంచి మాట్లాడతా. వినబడితే చెయ్యెత్తు."

"నాకు పనుండాది తల్లీ."

"ఐదు నిమిషాలు. నీకు పుణ్యముంటాది."

సుగంతి కొళాయి దగ్గర నిలబడింది. మునిరత్నమ్మ గుమ్మంలో నుంచి "సుగంతీ" అన్నది. సుగంతి చెయ్యెత్తింది. ఇంకా తగ్గించి అన్నది. చెయ్యెత్తింది. గొంతు పూర్తిగా వదిలేసి గాలి మాత్రమే వదిలాననుకుని అన్నది. సుగంతితో పాటు, నీళ్లు పట్టుకుంటున్న ఇంకో ఆడమనిషీ చెయ్యెత్తింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

మునిరత్నమ్మ కూడా నవ్వింది. తన గొంతు యాడ మొదలవుతుందో, యాడ ఆగుతుందో తనకు తెలియదని ఇన్నేళ్లూ అనుకోలేదు. పెదాలు కదిలించి, గాలి వదిలి, అది ఎదుటివాళ్లకు ఎంతగా తగులుతుందో వాళ్ల ముఖంలో చూసి తెలుసుకోవాలి. పిల్లి ముఖం చూద్దామంటే అది మంచం కింద ఉంది.

సుగంతి దగ్గరికొచ్చి భుజం తట్టింది. "ఊరుకోక్కా. నీవు నాలుగు దినాలు నోరు మూసుకోనుంటే ఆ పిల్లికి వీధంతా దండం పెడతాది."

ఊరికే అన్న మాట. సుగంతి అట్లే మాట్లాడుతుంది, ఎవరితోనైనా. మునిరత్నమ్మ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మంచం వైపు చూసింది. ఆ నిమిషం నుంచి ఆమె మాట్లాడలేదు.

సాయంత్రం సుబ్బరాయులు తిండికి కూర్చున్నాడు. రోజూ ఆయన తింటున్నంతసేపూ ఆమె పొద్దుటి నుంచీ జరిగిందంతా చెప్పేది. ఎవరి ఇంటికి ఎవరు వచ్చారు, కండెలకు ఇచ్చిన నూలు ఎంత తడిగా ఉంది, కూరలబండివాడు ఏం మోసం చేశాడు. ఆయన ముద్ద కలుపుతూ తలాడించేవాడు. ఈ పొద్దు ఆమె సంగటి పెట్టి, పులుసు పోసి, ఎదురుగా కూర్చుంది. ఆయన మూడుసార్లు తలెత్తి చూశాడు.

"ఒంట్లో బాగలేదా?"

తల అడ్డంగా ఊపింది.

"నా మీద కోపమా?"

మళ్లీ ఊపింది. వేలితో మంచం కిందికి చూపించి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

ఆయన పులుసు జుర్రి, గిన్నె కింద పెట్టాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు గోడ వైపు చూశాడు. తర్వాత ఆమెకు ముఖం కనబడేలా తిరిగి కూర్చున్నాడు.

"ఈ పొద్దు ఆరో నంబరు మగ్గం బెల్టు తెగింది."

ఆమె ఆయన పెదాలనే చూసింది.

"జెబరాజ్ కాలు మీద పడింది. పెద్ద దెబ్బేం కాదు. మధ్యాన్నం టీ నీళ్లుగా ఉన్నింది. అంతే." కాసేపు ఆగి, ఇంకో మాట దొరికినట్టు అన్నాడు. "వాన వస్తాదేమో."

వాళ్ల పెళ్లయ్యాక ఆయన అడగకుండా అన్ని మాటలు చెప్పిన పూట ఇంకోటి ఆమెకు గుర్తుకు రాలేదు. నవ్వు వచ్చింది. శబ్దం పైకి వస్తుందేమోనని కొంగు అడ్డం పెట్టుకుంది.

*

శుక్రవారం ఆమె రాట్నం ముందర కూర్చుంది. షెడ్డు మానేశాక ఇంట్లో కండెలు చుట్టడమే ఆమె పని. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి నూలు పోయి కండెకు చుట్టుకుంటుంది. ముడి వస్తే కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది. సాయంత్రానికి కండెల బుట్ట నిండాలి.

పది కండెలు అయ్యాయి. మూట పక్కన ఒక బూడిద ముఖం కనబడింది. మునిరత్నమ్మ చూడనట్టు చక్రం వైపే చూసింది.

కిటికీ ఎండ నేల మీద పడి, ఆ ఎండలో నూలు నీడ కదులుతోంది. పిల్లి రెండడుగులు వచ్చి కూర్చుంది. ఇంకో రెండడుగులు. నీడ మీద చెయ్యి పెట్టింది. నీడ దాని చేతి మీదికి వచ్చింది. చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. ఆమె చక్రం ఆపింది. పిల్లి చటుక్కున వెనక్కి పోయింది. మళ్లీ తిప్పింది. మళ్లీ వచ్చింది.

అయితే ఆపకూడదు. కుడిచేత్తో తిప్పుతూనే ఎడమచెయ్యి నూలు వదిలి మెల్లగా నేల మీదికి దించింది. వదిలేసిన నూలు కండె మీద ఒకచోట గుట్టగా, ఒకచోట పలచగా పడుతోంది. ఆమె చేతిలో కండె అట్లా చెడిపోవడం అదే మొదలు. చూసి కూడా తిప్పుతూనే ఉంది.

పిల్లి ఆమె కాలివేలు వాసన చూసింది. మోకాలు చూసింది. చెయ్యి దగ్గరికి వచ్చి, చెంప తెచ్చి ఆ వేళ్ల కణుపులకు ఒకసారి రుద్దింది. దానంతట అదే వచ్చింది. మునిరత్నమ్మ వేళ్లు ఎత్తి దాని వీపు మీద ఆనించింది. ఇంత మెత్తగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఆమె పుట్టిన పరదరామి ఇంట్లో పిల్లులు ఉండేవి. పాలచట్టి దగ్గరికి వస్తే చీపురు విసిరేవాళ్లు. పిల్లిని ఒళ్లో పెట్టుకున్న మనిషిని ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

చెయ్యి పూర్తిగా ఆనించింది. అప్పుడు తెలిసింది.

పిల్లి వణుకుతోంది.

పైకి కనబడదు. లోపల, ఎముకల కింద, సన్నగా, ఎడతెగకుండా. ఆమె చెయ్యి లాక్కుంది. పిల్లి కదలలేదు, కళ్లు మూసుకుని అక్కడే ఉంది. మళ్లీ ఒక్క వేలు ఆనించి చూసింది. వణుకు ఉంది.

షెడ్డులో మగ్గం చట్టం మీద చెయ్యి పెడితే ఆమెకు చాలు. బాగా ఆడే మగ్గం చేతికి దెబ్బ మీద దెబ్బగా తగులుతుంది, లెక్కగా. సన్నగా, తెంపు లేకుండా వణికిందంటే లోపల బేరింగు అరిగిపోయిందని అర్థం. మేస్త్రీ చెవికి తెలిసేలోగా ఆమె చేతికి తెలిసేది. చెయ్యెత్తి మేస్త్రీని పిలిచేది. ఆయన వచ్చి మగ్గం ఆపేవాడు. ఆపకపోతే ఏదో ఒకటి విరుగుతుంది. ఆ విషయంలో ఆమె చెయ్యి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

"భయపడొద్దు," అని పెదాలతోనే అన్నది. "నేనేం చెయ్యను."

చెయ్యి వెనక్కి తీసుకుని, చెడిపోయిన కండె విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

*

శనివారం మధ్యాహ్నం నేల మీద చాప వేసుకుని నడుం వాల్చింది. మెలకువ వచ్చేసరికి పొట్ట మీద బరువు. పిల్లి. ముందరి కాళ్లతో ఆమె చీర నొక్కుతోంది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. గోళ్లు గుడ్డలోకి దిగుతున్నాయి, వస్తున్నాయి. దూకి పారిపోవడానికి పట్టు దొరకనట్టు. కళ్లు గట్టిగా మూసి ఉన్నాయి. సూది వేసేటప్పుడు చిన్నపిల్లలు మూసుకున్నట్టు. వణుకు నిన్నటికన్నా ఎక్కువ. ఆమె పొట్టలోకి, పక్కటెముకల్లోకి వస్తోంది.

ఇంత భయముంటే మీదికి ఎందుకు ఎక్కింది? మునిరత్నమ్మ పైకప్పు చూస్తూ ఆలోచించింది. షెడ్డులో కొత్తగా చేరిన ఆడపిల్లలు గుర్తుకొచ్చారు. మేస్త్రీ అంటే హడలిపోతూ మేస్త్రీ వెనకాలే తిరిగేవాళ్లు. ఆ షెడ్డులో వాళ్లకు తెలిసిన మనిషి ఇంకొకరు లేరు గనుక. ఇదీ అంతే. ఈ ఇంట్లో దీనికి పొద్దంతా కనబడేది తనొక్కతే. ఇంకెక్కడికి పోతుంది?

మూడు రోజులుగా నోరు మూసుకుంది. గిన్నెలు గుడ్డ మీద పెట్టింది. తలుపు చేత్తో పట్టుకుని వేసింది. ఇంకేం తగ్గించాలో తెలియడం లేదు. గొంతు కాదేమో మరి. చెయ్యే ఏమో. నూలు రాపిడికి గట్టిపడిపోయిన చెయ్యి.

రెండు కన్నీటి చుక్కలు జారి చెవుల్లోకి పోయాయి. తుడుచుకుందామంటే పిల్లి బెదురుతుంది. అది దానంతట అదే దిగిపోయేదాకా అట్లే పడుకుంది.

సాయంత్రం సుబ్బరాయులు కాగితంలో చుట్టిన ఎండు నెత్తడి చేపలు తెచ్చాడు. ఒకటి తీసి మంచం దగ్గర పెట్టి, తనూ దూరంగా గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది. మూడు రోజుల తర్వాత, గాలి మాత్రం వదిలి చెప్పింది.

"రేపు ఆ పిల్ల వస్తే పిల్లిని పంపించేస్తా."

ఆయన తలెత్తాడు. "ఎందుకు?"

"దానికి ఈడ బాగలేదు."

"బాగనే ఉండాదే."

"నీకు తెలీదు."

మంచం కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నెత్తడిని లోపలికి లాక్కుంది. ఆయన ఆమె వైపు చూసి, చూశావా అన్నట్టు ఆ వైపు వేలు చూపించాడు. ఆమె అప్పటికే వంటింట్లోకి తిరిగింది.

*

ఆదివారం పదకొండున్నరకు నివేద స్కూటరు వచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, జడలో మల్లెపూలు. మునిరత్నమ్మ ముందే పిల్లికి పాలన్నం పెట్టి, బుట్టలో పాత చీర పరిచి, అది అందులోకి పోయాక మూత కట్టింది. బుట్టను ఒడిలో పెట్టుకుని గుమ్మం లోపల కూర్చుంది. సుబ్బరాయులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నివేద కట్టిన బుట్ట చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"తీసుకోనిపో తల్లీ," అన్నది మునిరత్నమ్మ.

నివేద వంగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "ఏమన్నావమ్మా? వినబడలే."

మునిరత్నమ్మ ఆ పెదాలను నమ్మలేక చూసింది. ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. మొగుడి వైపు చూసింది. వినబడలేదన్నట్టు ఆయనా తలాడించాడు.

"తీసుకోనిపొమ్మంటా ఉండా," అన్నది కాస్త పైకి. "నీవు చెప్పినట్టే చేసినా. నేనుగా పట్టుకోలే. అదే వచ్చింది. నాలుగు దినాలు నోరు గూడా తెరవలే. అయినా నా చెయ్యి తగిలితే చాలు, వణికిపోతాది. నిన్న నా మీదెక్కి కూచోని గంటసేపు వణికింది. పావం, దానికి పారిపోయే దానికి గూడా తెలీలే. నాకు చూడబుద్ధి కాలే. తీసుకోనిపో."

సుబ్బరాయులు గోడ నుంచి జరిగి ముందుకు వచ్చాడు. "ఇది చెప్పలేదే నాకు?"

"ఏం చెప్పాల? నా పెండ్లాన్ని చూస్తే పిల్లి గూడా వణుకుతాదని ఊరంతా చెప్పుకుంటావా?"

నివేద నేల మీద కూర్చుని మూత విప్పింది. "రోసీ." చెయ్యి జాపింది. పిల్లి ఆ చేతిని చూసి, బుట్టలో నుంచి దూకింది. మంచం కిందికి పోతుందనుకున్నారు ముగ్గురూ. అది నివేదను చుట్టి వచ్చి, మునిరత్నమ్మ ఒడిలోకి ఎక్కి, ఆమె కొంగులో ముఖం పెట్టుకుంది.

మునిరత్నమ్మ చేతులు పైకెత్తి పట్టుకుంది, తగలకుండా.

"చూడు, మొదలైంది," అన్నది. "నా తొడకు తెలస్తా ఉండాది. నీవే చెయ్యి పెట్టి చూడు."

నివేద చెయ్యి పెట్టింది. పిల్లి వీపు గట్టిపడింది. తొడ మీద వణుకు టక్కున ఆగిపోయింది. నివేద చెయ్యి తీసేసి, మునిరత్నమ్మ చెయ్యి పట్టుకుని కిందికి దించి పిల్లి మీద పెట్టింది. వణుకు మళ్లీ మొదలైంది.

నివేద ముఖంలో ఏదో అయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, పిల్లిని చూపించి, మళ్లీ మాట్లాడింది. పెదాలు అంత వేగంగా కదిలితే మునిరత్నమ్మకు ఒక్క మాట కూడా పట్టుబడదు. వణకటం లేదు అన్న ముక్క దొరికింది. అది అబద్ధమని చెయ్యి చెబుతోంది.

"వణుకుతా ఉండాది!" అన్నది. "నాకు చెవుల్లేవు గానీ చేతులుండాయి."

సుబ్బరాయులు వచ్చి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్లికి జానెడు దూరంలో తల వంచి, చెవి పెట్టి విన్నాడు. కాసేపు అట్లే ఉన్నాడు. తల ఎత్తినప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

ఆమె రెండో చెయ్యి తీసుకున్నాడు. ఆ అరచేతిని తన గొంతు మీద, గొంతుముడికి కింద, ఆనించి పట్టుకున్నాడు. నోరు మూశాడు. కళ్లు మూశాడు.

అరచేతికి వణుకు తగిలింది. సన్నగా, ఎడతెగకుండా.

పరాయి ఆడపిల్ల ముందర ఈయన ఏం చేస్తున్నాడని మునిరత్నమ్మ చెయ్యి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. వణుకు కాస్త పైకి పోయింది, కాస్త కిందికి వచ్చింది, సాగింది. ఆయన ముఖంలో భయం లేదు. పనీ పాటా లేని మధ్యాహ్నం నీడన కూర్చున్న మనిషిలా ఉన్నాడు. తల మెల్లగా ఊగుతోంది.

ఒక చెయ్యి మొగుడి గొంతు మీద. ఒక చెయ్యి పిల్లి వీపు మీద. రెండు చేతుల్లోనూ ఒకటే వణుకు.

"నీవు పాడతా ఉండావా?" అన్నది.

ఆయన కళ్లు తెరవకుండానే తలాడించాడు.

మునిరత్నమ్మ ఒడిలోకి చూసింది. పిల్లి కళ్లు మూసుకుని ఉంది. ఆయనా అట్లే మూసుకుని ఉన్నాడు.

"అయితే ఇది గూడా..."

నివేద తలాడించింది. ఇంకా, ఇంకా ఆడించింది. "హాయిగా ఉంటే పిల్లి గొంతులో అట్ల గురగురమంటాదమ్మా," అని ఒక్కో మాటా పెదాలతో చూపించింది.

"నిన్న గంటసేపు..." అన్నది మునిరత్నమ్మ. మిగిలింది అనలేకపోయింది. మొగుడి గొంతు మీది చెయ్యి కూడా తెచ్చి పిల్లి మీద పెట్టింది. రెండు రోజులుగా తగలకుండా వెనక్కి తీసుకున్న చేతులు ఒక్కసారిగా బరువెక్కి, దాని వీపంతా కప్పి దిగాయి. వేళ్లు చెవి వెనకకు పోయాయి, మెడ కిందికి పోయాయి. వణుకు యాడ ఎక్కువుందో వెతుకుతున్నాయి.

నివేద ముఖం తుడుచుకుంది. ఇంటికి వచ్చిన పిల్లకు కాఫీ ఇవ్వలేదని మునిరత్నమ్మకు గుర్తుకొచ్చింది. లేవబోయి, లేవలేక మొగుడి వైపు చూసింది. ఆయన లేచి వంటింట్లోకి పోయాడు. ముప్పై అయిదేళ్లలో పొయ్యి దగ్గర ఆయనకు ఏ డబ్బా ఎక్కడుందో తెలియాల్సిన అవసరం పడలేదు. పాలు కాచాడు, పొంగు పొయ్యి మీదికి పోయింది, తుడిచాడు. గూట్లో నుంచి ఒక డబ్బా తీసి, మూత తెరిచి, చెంచా నిండా ఎత్తి లోటా వైపు తీసుకుపోతున్నాడు.

"అది ఉప్పు! చక్కెర పైన!"

షెడ్డు గొంతు. నలభై మగ్గాలు దాటిపోయే గొంతు. నివేద భుజాలు అదిరాయి. ఆయన చేతిలో చెంచా నుంచి ఉప్పు వొలికింది. మునిరత్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒడిలోకి చూడటానికి ధైర్యం లేక, వాకిలి వైపు చూస్తూ ఉండిపోయింది. పిల్లి మీద మిగిలిన చెయ్యి కింద వణుకు ఆగిపోయింది.

ఆమె కదలలేదు. నివేదా కదలలేదు.

పిల్లి ఒక కాలు చాపింది. గోళ్లు చీరలోకి దిగాయి, వచ్చాయి. మళ్లీ మొదలైంది.